పలక మీద రెండు

1972 వానాకాలం. గోదావరిఖనిలో బొగ్గు బావుల ట్రైనింగ్ సెంటర్‌లో ఒక ఫిల్మ్ గది ఉండేది. కొత్తగా పనిలో చేరేవాళ్లకు చూపించడానికి బావి లోపల తీసిన సినిమా ముక్కలను అక్కడ అతికించేవారు. ఆ పని నాది. స్ప్లైసర్ అనే చిన్న మిషనులో రెండు కొసలను సమంగా కోసి జిగురుతో కలిపేదాన్ని. అప్పుడు నాకు అక్షరం రాదు, చదువు నలభై దాటాక నేర్చుకున్నాను. ముక్కల వివరం చదివి వరుస పెట్టి ఇచ్చేది ఎడిటర్ సత్తార్ అన్న.

ప్రతి ముక్క మొదట్లో సుద్దతో అంకె వేసిన పలక కనిపిస్తుంది, అది స్లేటు. ఫిల్మ్ అంచున తయారీలోనే అచ్చుపడిన వరుస అంకెలు వేరే ఉంటాయి. వాటిని ఎడ్జ్ నంబర్లు అంటారు. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద పరుగెత్తే టైంకోడ్ పని అప్పట్లో అవి చేసేవి.

మా ఆయన కొమురయ్యది రెండో షిఫ్టు. మొదటి షిఫ్టు బొగ్గు తీసి వెళ్లాక, బావి కప్పు కూలకుండా చెక్క దిమ్మెలు నిలబెట్టేవాడు. ఒకనాడు ఆ షిఫ్టు చివర్లో, ఆయన పనిచేసిన చోటే కప్పు బండ పడి, ఆయనతో పనిచేసే లింగయ్య కాక కాలు నలిగింది. దిమ్మెలు పెట్టలేదని ఎంక్వైరీ వచ్చింది. అదే రోజు పొద్దుటి నుంచి హైదరాబాదు కెమెరా అతను అక్కడ సినిమా తీశాడు. కడిగిన ఫిల్మ్ మా గదికే వచ్చింది.

ఎంక్వైరీ సారు వచ్చిన రోజు సత్తార్ అన్న సెలవు. సారే ఫిల్మ్ తిప్పి చూశాడు. పలక మీద రెండు. దాని తర్వాత ఉత్త కప్పు, ఒక్క దిమ్మె లేదు.

“రెండో షిఫ్టు. ఇగ మాట్లాడేదేముంది?” అన్నాడు. మూడు అని ఉన్న ముక్కను చూడకుండానే పక్కన పెట్టించాడు. “అది రాత్రి షిఫ్టు. బండ పడ్డంక పెట్టిన దిమ్మెలుంటయ్ అండ్ల.”

నేనూ నమ్మాను. బావి మనుషులం, ఒకటి రెండు మూడు అంటే మాకు షిఫ్టులే.

ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. నా భయం అది ఒక్కటే కాదు. కాక కాలు మా ఆయన వల్లే పోయిందా?

బువ్వ పెడుతూ అడిగాను. “నిజం చెప్పు. దిమ్మెలు పెట్టినవా?”

“పెట్టిన.”

“ఫిల్మ్‌ల లెవ్వు.”

“నన్ను నమ్మవు గని ఫిల్మ్‌ను నమ్ముతవా? పో, దానికే పెట్టు బువ్వ!” అని పళ్లెం జరిపి లేచాడు. నా ముఖం మాత్రం చూడలేదు.

మర్నాడు సత్తార్ అన్నకు చెప్పాను.

“ఫికర్ చెయ్యకు చెల్లె, సూద్దాం,” అని ఫిల్మ్‌ను వ్యూయర్‌కు ఎక్కించాడు. అది పిడి తిప్పుతూ చూసే చిన్న తెర. ఒకటో ముక్క అంచు అంకెలు చదివాడు, రెండో ముక్కవి చదివాడు. మధ్యలో ఒక్కటీ తప్పలేదు. రెండింట్లోనూ మొదటి షిఫ్టు పని చూసుకునే సర్దారే నిలబడి ఉన్నాడు.

“అరె, గిది షిఫ్టు కాదు చెల్లె! రెండంటే రెండో ముక్క. ఒకటి కాంగనే తీసిండు. హైదరాబాదాయనకు మన షిఫ్టులేం ఎరుక?”

“మరి మూడు?”

“నువ్వే తిప్పు.”

చేయి రాలేదు. అందులోనూ దిమ్మెలు లేకపోతే? ఉన్నా, బండ పడ్డాక పెట్టినవైతే?

తిప్పాను. తెర మీద కొమురయ్య సుత్తెతో దిమ్మె బిగిస్తున్నాడు. పక్కన లింగయ్య కాక కెమెరా వైపు చూసి మీసం దువ్వుతున్నాడు. రెండు కాళ్ల మీద నిలబడి.

“యా అల్లా!” అని సత్తార్ అన్న గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

“జరుగు కాకా, జరుగు!” అని నేను అరిచాను. తిప్పడం ఆపితే బండ పడదన్నట్టు పిడిని పట్టుకుని కూర్చున్నాను.

సత్తార్ అన్న కబురు పెడితే సారు మళ్లీ వచ్చి మూడు ముక్కలూ వరుసగా చూశాడు. కొమురయ్య తప్పు లేదని రాశాడు. అంకె కనిపిస్తే అది దేని అంకె అని ముందు అడగాలని నాకు ఆ రోజు తెలిసింది. చదువు వచ్చాక కూడా అదే అలవాటు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన సద్ది పట్టుకుని డ్యూటీకి బయల్దేరాడు. “ఇప్పుడు నమ్ముతవా?” అని నవ్వాడు. నమ్మాను. దిమ్మెలు సరిగ్గానే పెట్టాడు. అయినా బండ పడింది. ఆయన మలుపు తిరిగేదాకా గడప పట్టుకుని నిలబడ్డాను. ఆగమని మాత్రం అనలేకపోయాను.