రేడియేటర్‌లో నీళ్లు

నిన్న గ్యాస్ స్టేషన్‌లో, చలికి గడ్డకట్టకుండా కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్ డబ్బా మూత తీయగానే, ఆ తియ్యటి వాసనకి నా చెవులు సిగ్గుతో వేడెక్కాయి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. మంచు కురిసే ఈ దేశంలో, స్కార్‌బరోలో మేం అద్దెకున్న ఇంటి ముందు నాన్న కారు బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తీసి, "కూలెంట్ బాగా తగ్గింది, కొనాలి" అన్నారు. ఇంతలో ఫోన్ మోగితే లోపలికెళ్లారు. గుంటూరులో తాతయ్య రోజూ పొద్దున్నే కారు రేడియేటర్‌లో నీళ్లు పోయడం సెలవుల్లో చూశాను. నా స్కూలు బాటిల్‌తో రెండుసార్లు నీళ్లు తెచ్చి పోశాను. నాన్న ఫోన్‌లో మాట్లాడుతూనే వచ్చి, చూడకుండా అన్నీ మూసేశారు.

రెండు రోజులకి మైనస్ ఇరవై. నీళ్లు గడ్డకట్టి రేడియేటర్ పగిలింది.

ఆదివారమంతా నాన్న మంచులో నిలబడి కొత్తది బిగించారు. గ్లవ్స్ ఉంటే క్లిప్పుల మీద పట్టు దొరకదని వట్టి చేతులతోనే చేశారు. మధ్యమధ్య లోపలికొచ్చి, కందిపోయిన వేళ్లు చంకల్లో పెట్టుకునేవారు.

"ఈ చలిలో నీళ్లెవరు పోశారండీ?" అంది అమ్మ.

నేను టీవీ వైపు తల తిప్పుకున్నాను.

"నేనే. ఇండియా అలవాటు," అన్నారు నాన్న.

అమ్మ చాలాసేపు తిట్టింది. నాన్న మరిచిపోయి, నిజంగా తనే పోశాననుకుంటున్నారని నమ్మాను. బతికిపోయాననుకున్నాను.

మర్నాడు స్కూల్లో బ్యాగ్ తెరిస్తే, నేను బానెట్ కింద మరిచిపోయిన బాటిల్ శుభ్రంగా కడిగి ఉంది. దాని మీద అమ్మ అంటించిన నా పేరు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌కి నాన్న ఇప్పటికీ చెబుతుంటారు: "కారులో నీళ్లు పోయకండమ్మా. నేనోసారి పోసి దెబ్బతిన్నా."

పక్కనే కూర్చుని నేను ఇప్పటికీ తల తిప్పుకుంటాను.