మడిచీర గదిలో గడ్డకట్టిన గొట్టం

ఎనభైల మొదట్లో నేపర్‌విల్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నాక అదే మా తొలి చలికాలం. అంతకుముందు అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ నీళ్ళ గొట్టాలక్కూడా చలి వేస్తుందని నాకు తెలియదు. గోడలో గొట్టం గడ్డకట్టి పగిలితే కింద గదులన్నీ చెరువులవుతాయని పక్కింటి ముసలాయన చెప్పాడు. రైల్వే యార్డులో పనిచేసి రిటైరైన మనిషి. చేయాల్సినవన్నీ ఓ కాగితం మీద పెన్సిల్‌తో రాసిచ్చాడు.

ఆ కాగితమే నాకు వేదమైపోయింది. బయటి కుళాయికి తగిలించిన హోస్ తీసి నీళ్ళు వంచేశాను. బేస్‌మెంట్‌లో గొట్టాలకి ఫోమ్ తొడుగులు వేశాను, చాలనిచోట మావారి పాత పంచెలు చింపి చుట్టాను. సింకుల కింద అరల తలుపులు బార్లా తెరిచి పెట్టాను. మావారు చూసి, "గొట్టాలకి పెళ్ళి చేస్తున్నావా ఏంటి?" అని వేళాకోళమాడారు. పగిలాక తమరే బకెట్లతో తోడుదురుగాని అన్నాను.

కాగితంలో ఒక్క సంగతి మాత్రం నా చేతుల్లో లేదు. మంచినీళ్ళ గొట్టం బేస్‌మెంట్‌లోని లాండ్రీ గదిలో బయటి గోడ వెంబడే ఇంట్లోకి వస్తుంది. హీటర్ వేడి తగలాలి కాబట్టి ఆ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఆర్నెల్లుండి వెళ్దామని వచ్చిన మా అత్తగారు సరిగ్గా ఆ గదిలోనే తాడు కట్టి మడిచీర ఆరేసుకునేది. ఆరేశాక ఎవరూ ముట్టుకోకుండా తలుపు మూసేది. నేను తెరవడం, ఆవిడ మూయడం.

"ఎవరు ముట్టుకుంటారత్తయ్యా? మీ అబ్బాయి పొద్దున్నే ట్రైన్‌కి పరిగెడతారు, నాకు వంటిల్లే సరిపోతుంది."

"ఏమోనమ్మా, మడంటే మడే."

ముక్కోటి ఏకాదశి వచ్చింది. ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంది. మర్నాడు పొద్దున ద్వాదశి ఘడియలు దాటకముందే స్నానం చేసి, వండి, పారణ చేయాలి. లేకపోతే ఉపవాసమంతా వృథా అని ఆవిడ నమ్మకం. మావారు ఆఫీస్ పని మీద ఊరెళ్తూ, పంచాంగంలో టైముని మా టైముకి లెక్కగట్టి పదిన్నర వరకూ ఉందని చెప్పి వెళ్ళారు.

ద్వాదశి నాడు ఏడింటికి కుళాయి తిప్పితే గుర్రుమని ఊరుకుంది. ఇల్లంతా అంతే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బీపీ ఉంది, మాత్రైనా వేసుకోమంటే స్నానం కాకుండా నోట్లో ఏమీ పెట్టనంటుంది. మంచు కరిగించి ఇస్తానన్నాను.

"పక్కింటి కుక్క తిరిగే చోటమ్మా అది" అంది.

కిందికి పరిగెత్తాను. లాండ్రీ గది తలుపు మూసి ఉంది. లోపల చిన్న కిటికీ జానెడు తెరిచి ఉంది. గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తలుపు మూస్తే మూశారు, కిటికీ ఎందుకు తీశారండీ?" అని పైకి వినపడేలా అరిచాను.

ఆవిడ మెట్ల మీద నిలబడి, "గాలి తగలక చీర ఆరట్లేదమ్మా" అంది. గొంతులో ఓపిక లేదు. మనిషి గోడ పట్టుకుని నిలబడింది. నామీద నాకే అసహ్యం వేసింది. కిటికీ మూసి పక్కింటికి ఫోన్ చేశాను.

ముసలాయన హెయిర్ డ్రైయర్ పట్టుకుని వచ్చాడు. గొట్టం దగ్గరికి వెళ్ళాలంటే మడిచీర దాటాలి. నేను అత్తగారి మొహంలోకి చూశాను.

"రమ్మను. నీళ్ళంటూ వస్తే చీర మళ్ళీ తడుపుకోవచ్చు" అంది.

ఆయన పాపం మర్యాదస్తుడు. వేడి గాలికి చీర ఎక్కడ పాడవుతుందోనని తాడు మీంచి తీసి, తొమ్మిది గజాలూ ఓపిగ్గా మడతలు పెట్టి వాషింగ్ మిషన్ మీద పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

కుళాయి తిప్పి ఉంచమని చెప్పి, ఆయన గొట్టాన్ని అంగుళం అంగుళం వేడి చేశాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. తొమ్మిదింబావుకి పైన వంటింట్లో కుళాయి దగ్గి, ఉమ్మి, ధారగా పడింది. పగుళ్ళు కూడా ఏమీ లేవు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను, ఆయన టోపీ తీసి నవ్వాడు.

ఆయన్ని పంపేయబోతుంటే అత్తగారు ఆపింది. "ద్వాదశి నాడు అతిథికి పెట్టకుండా ఎలా తింటాను? కూర్చోమను."

స్నానం చేసి, ఆ చీరే తడిపి పిండుకుని కట్టుకుని, పెసరపప్పూ అన్నం వండి దేవుడికి నివేదన చేసింది. పది దాటాక ముసలాయనకి కంచంలో నెయ్యి వేసి తనే వడ్డించింది. ఆయన చెంచా అడగలేదు, చేత్తోనే కలుపుకున్నాడు. అప్పుడు తను కూర్చుంది. మొదటి ముద్ద తిని, రెండో ముద్ద కలిపి, నా చెయ్యి లాగి అరచేతిలో పెట్టింది.

"అత్తయ్యా, మడి" అన్నాను.

"తిను ముందు. పొద్దుట్నించీ నువ్వూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదుగా."