మాట పక్కన మాట

మా ఇంగ్లీషు సారు కోదాడ నుంచి బస్సులో మిర్యాలగూడ హైస్కూలుకు వచ్చేవారు. ఎనభైల చివర నేను తొమ్మిదో తరగతి. ఆయన ఏ క్రియనూ బోర్డు మీద ఒంటరిగా రాయలేదు. "దీని పక్కన ఎవరుంటారు?" అని అడిగేవారు. పాలు పాడైతే గో బ్యాడ్, మనిషికి కోపమొస్తే గెట్ యాంగ్రీ. తప్పును డూ చేయరు, మేక్ చేస్తారు. తండా నుంచి వచ్చే నాకు తెలుగే రెండో భాష. అయినా ఆ జతలన్నీ నోటికొచ్చేశాయి.

ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి నన్ను లేపి, డిస్కస్‌తో వాక్యం చెప్పమన్నారు. "వి డిస్కస్డ్ ద లెసన్" అన్నాను.

"డిస్కస్డ్ అబౌట్ అనాలి. కూర్చో" అన్నారాయన.

హెడ్మాస్టరు మా సారు వైపు చూసి, మాట్లాడవద్దన్నట్టు తల ఊపారు. సారు మాత్రం "కూర్చోకమ్మా. అబౌట్ ఎందుకు రాదో నువ్వే చెప్పు" అన్నారు.

"రీచ్ సూర్యాపేట అంటం సార్, నడుమ టు పెట్టం. డిస్కస్ గూడ గంతే" అన్నాను.

అధికారి డిక్షనరీ తెప్పించుకుని చూశారు. "అమ్మాయి చెప్పిందే కరెక్టు" అని ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం సారు కోదాడ బస్సు వదులుకుని నాతో పాటు మా తండాకు నడిచొచ్చారు. ఇంగ్లీషు ముక్క రాని మా నాన్న మంచం వాల్చి, "మా పిల్ల మంచిగ నేర్సుకుంటున్నదా సారూ?" అని అడిగాడు.

"నేర్చుకోవడమేంటయ్యా, ఇవాళ మా పై ఆఫీసరుకే నేర్పింది" అన్నారు సారు, చుట్టూ చేరిన వాళ్లందరికీ వినపడేలా.