మోట పాట ప్లేటుల ఆ అడుగుల సప్పుడు నాది

మల్లన్న పోయిండట.

నిన్న పొద్దుగాల మనుమరాలు వాట్సాప్ చూపిచ్చింది. ఇంకో మల్లయ్య అయి ఉంటడు, సరిగ్గ చదువు అని ఆమె మీద కోపం చేసిన. పోయిన వారమే గదా, ఫోన్‌ల నన్ను అరగంట తిట్టిండు. అంత గట్టిగ తిట్టే మనిషి వారంల పోతడా?

ఆయననే. చిన్న మంగళారం ఊరి మల్లయ్య. తొంభై ఏడేండ్లు.

నిన్నటి సంది గ్రూపుల "జానపద దిగ్గజం", "ఆర్‌ఐపీ" అని పెడుతున్నరు. వాళ్లల్ల సగం మంది ఆయన పాట ఒక్కటన్న పూర్తిగ విన్నోళ్లు కాదు. నాకు తెలుసు.

అసలు సంగతి నేను చెప్త. ఆయన పాట ప్లేటు తీసిన రోజు ఆ అర్రల ఉన్నోళ్లల్ల ఇగ మిగిలింది నేనొక్కన్నే.

నిజాం జమాన. నలభైల నడుమ. మల్లన్నకు ఇరవై, నాకు పదిహేడు. ఆయన మోట కొట్టేటోడు, పాటలు కట్టేటోడు. నేను చేవెళ్ల కిరాణం దుకాణపోళ్ల కొడుకును.

మోట అంటే ఇప్పటి పిల్లలకు తెల్వది. రెండెద్దులు దిగువకు నడిస్తే తోలు బొక్కెన బాయిల నుంచి పైకొస్తది. నీళ్లు కాల్వల పడంగనే ఎద్దులు ఎనుకకు అడుగులేస్తయి. అవి దిగేటప్పుడు ఒక చరణం. ఎనుకకు వచ్చేదాక పాట బంద్.

పట్నం నుంచి ఒక సాబ్ గ్రామఫోన్ ప్లేట్లు తీసే మిషన్ తెచ్చిండు. మా బాపు దుకాణం ఎనుక బియ్యం బస్తాలు పెట్టే అర్ర ఇచ్చిండు. బయటి సప్పుడు రాకుండ గోడల పొంటి బస్తాలు పేర్చినం. సాబ్ ఎంట హార్మోనియం మాస్టర్ కూడ వచ్చిండు.

"హార్మోనీ లేకుంటే ఎవడు కొంటడు?" అన్నడు సాబ్.

"బాయికాడ హార్మోనీ యాడిది సాబ్?" అన్నడు మల్లన్న. "నా పాట నా లెక్కనే ఉండాలె. లేకుంటే నాకొద్దు."

మాస్టర్ అలిగి బయట అరుగు మీద కూసున్నడు.

మిషన్ మీద పాట ఎక్కేది మైనం బిళ్లల మీద, బిళ్లకొక పాట. సాబ్ తెచ్చినయి ఎనిమిదే. ఒక్క తప్పు పడితే బిళ్ల ఖరాబ్. ఇప్పటి లెక్క డిలీట్ గిలీట్ లేదు.

మిషన్ తిరిగింది. మల్లన్న ఎత్తుకున్నడు.

నల్లరేగడి దూప తీరలే
నా ఎద్దు నడక ఆగలే

అంతే, ఆగిండు. కండ్లు నేల మీద. సాబ్ చేతులు ఊపుతున్నడు. మల్లన్న ఉలకడు పలకడు.

బిళ్ల ఖరాబ్. రెండోది గట్లనే.

"క్యా హువా? ఎందుకు ఆగుతున్నవ్?"

"ఎద్దులు ఎనుకకు రాకముందే ఎట్ల పాడాలె సాబ్?"

సాబ్ నెత్తి పట్టుకున్నడు. బిళ్లలు ఆరు మిగిలినయి, పాటలు ఆరు. ఇంకోటి చెడితే మిషన్ మొయినాబాద్ పోతది, మాస్టర్ శిష్యుని పాటలు తీస్తది అన్నడు.

మల్లన్న ముఖం నల్లబడ్డది.

నాకేం తోచిందో, బస్తా కట్టే తాడు తీసి భుజం మీద ఏసుకున్న. "పాడు మల్లన్నా, నేను నడుస్త."

"సావుకారి ఎద్దుకు దాణా ఎక్కువ పెట్టాలెరో!" అని నవ్విండు.

నవ్వుకుంటనే ఎత్తుకున్నడు. నాలుగడుగులు ముందుకు, ఆయన పాడిండు. నాలుగడుగులు ఎనుకకు, ఆగిండు. మంచిగ కుదిరింది.

మూడో చరణంల నేను బస్తాకు తట్టుకొని నిలబడిపోయిన. మల్లన్న కండ్లు మూసుకొని ఉన్నడు. అలవాటుగ కేకేసిండు:

"ఎనుకకు రా, మైలా!"

మైల అంటే ఆయన బూడిదరంగు ఎద్దు.

అయిపాయె అనుకున్న. సాబ్ దిక్కు చూసిన. ఆయన నోట్ల రుమాలు కుక్కుకొని నవ్వు ఆపుకుంటున్నడు. చెయ్యి మాత్రం ఊపుతున్నడు, పాడు, పాడు అని.

పొద్దుగూకే లోపట ఆరు పాటలు అయినయి. ప్లేటుకు రెండు దిక్కుల రెండు పాటలు, మూడు ప్లేట్లు. ఒక గొంతు, ఒక ఎద్దు. అరుగు మీద మాస్టర్ తొడ మీద తాళమేసుకుంట కూసున్నడు!

ఇగ మల్లన్న పాటల మీద పుస్తకమేసిన ప్రొఫెసర్ గారూ, ఇది మీకు. ఆ అడుగుల సప్పుడు "ఆదిమ చర్మవాద్యం" అని అందుల రాసిండ్రు. "మైలా" అంటే ఆత్మకు అంటిన మలినం అని రెండు పేజీలు వ్యాఖ్యానం. నేను మూడు ఉత్తరాలు రాసిన, జవాబు లేదు. ఇయ్యాల అందరి ముందట చెప్తున్న. అది ఎద్దు పేరు. ఆ చర్మం నా అరికాళ్లది.

ప్లేటు మీద నా పేరు కూడ ఎయ్యలేదు. కంపెనీ మీద ఆ కోపం ఇంకా ఉన్నది. ఉంటది.

ప్లేట్లు వచ్చినంక చేవెళ్ల హోటల్ల పెట్టిండ్రు. మైల పేరు రాంగనే హోటలంత పకపక నవ్విండ్రు. ఒక మూలకు షాబాద్ దిక్కు మోట కొట్టేటోళ్లు నలుగురు కూసున్నరు. వాళ్లు నవ్వలే. పాట ఆగినప్పుడల్ల వాళ్ల ఛాయ్ గిలాసలు కూడ గాలిల ఆగుతున్నయి. మళ్ల ఎత్తుకోంగనే తాగుతున్నరు.

మల్లన్న వాళ్లనే చూసిండు. నా జబ్బ గట్టిగ పట్టుకున్నడు.

"అది నా పాటనే రా. అచ్చం నా పాటనే."

అవు మల్లన్నా, నీదే.

నిమ్మలంగ పండుకో. రేపు పొద్దుగాల బాయికాడికి పొయ్యే పని లేదు.