నూనె అందని క్యామ్ షాఫ్ట్

కోరుట్లలో నేను పనిచేసిన ఇంజన్ల షెడ్డుకు చేతులు తుడుచుకునే దారపు తుక్కు సిరిసిల్ల నుంచే వచ్చేది. మరమగ్గాల కింద పోగయ్యే వేస్టు అది. ఆ వారం ఒక బస్తా ఊరికే వచ్చింది. తెచ్చినతను సిరిసిల్లలో మగ్గం నడిపేవాడు. మగ్గాలు ఆగిపోయాక గుడ్డ బేళ్లు మోయడానికి పాత డీజిల్ వ్యాన్ కొన్నాడు. రెండు నెలలకే ఇంజను అరిగి, పూర్తిగా విప్పి చేసే బోరు పనికి మా షెడ్డుకొచ్చింది.

అతని పాస్‌పోర్టు జగిత్యాల ఏజెంటు దగ్గర ఉంది. శుక్రవారం మస్కట్ విమానం.

"గురువారం పొద్దుగాల ఏజెంటుకు చెప్పాలె తమ్మీ. బండి నడిస్తే పోను. లేకుంటే పోవుడే," అన్నాడు.

అప్పటికి నేను డిప్లొమా చేసి ఏడాది. ప్రతి పనికీ నోటుబుక్కులో వరుస రాసుకుని, అయినదానికి టిక్కు పెట్టేవాణ్ణి. షెడ్డులో నాకు పని నేర్పే పెద్ద మేస్త్రీ, ఉస్తాద్, నన్ను "ఇంజినీర్ సాబ్" అని ఏడిపించేవాడు.

వాల్వులను ఆడించే క్యామ్ షాఫ్ట్ తిరిగే బుష్‌లు, అంటే లోహపు కడియాలు, బయటినుంచి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆలోగా దుమ్ము పడకుండా బ్లాకులోని నూనె రంధ్రాలన్నింటినీ ఆ దారపు ముద్దలతో మూశాను. ఏడు రంధ్రాలు, ఏడు ముద్దలు. బుష్‌లు రాగానే ముద్దలు లాగి లెక్కపెట్టాను. ఏడూ ఉన్నాయి. టిక్కు పెట్టాను.

బుష్ కొట్టేటప్పుడు దాని రంధ్రం బ్లాకు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రావాలి. వెంట్రుకంత పక్కకు జరిగినా నూనె తగ్గిపోతుంది. గీత గీసుకుని, మెల్లగా కొట్టి, టార్చ్ వేసి చూశాను. ఒక్కటి కూడా జరగలేదు. ఉస్తాద్ అయితే చూపుతో సరిపెట్టుకోడు. ఒక్కో రంధ్రంలో నూనె పోసి అవతల కారేదాకా నిలబడతాడు. ఆ రోజు ఆయన పెళ్లికి వెళ్లాడు. కంటికి కనబడుతున్న రంధ్రంలో నూనె ఎందుకు పోయాలి అనుకున్నాను.

బుధవారం ఉదయం స్టార్ట్ చేశాం. అరగంట బాగానే నడిచింది. తర్వాత పైనుంచి టకటకమని చప్పుడు మొదలైంది.

"గా చప్పుడేంది తమ్మీ?" అన్నాడతను.

"టాపెట్లు సెట్ చేస్తే పోతది అన్నా."

పోలేదు. నూనె మట్టం చూశాను, సరిగ్గా ఉంది. ప్రెషర్ గేజ్ కూడా సరిగ్గానే చూపిస్తోంది. అదే నన్ను భయపెట్టింది. పంపు మీద నెట్టడానికి వీల్లేదు. ఉస్తాద్ ఇంజను పైనున్న టాపెట్ కవర్ విప్పి, వాల్వులను నొక్కే రాకర్ల మీద వేలు పెట్టి చూశాడు. వేలికి తడి అంటలేదు. అక్కడికి నూనె క్యామ్ బుష్ గుండానే ఎక్కాలి.

"నూనె కింద ఉన్నది, పైకి అస్తలేదు. క్యామ్ గుంజు," అన్నాడు.

సాయంత్రానికి క్యామ్ బయటికి వచ్చింది. ఒకచోట గీతలు పడి, వేడికి నీలమెక్కింది. ఆ బుష్‌లోకి టార్చ్ వేశాను. రంధ్రం సరిగ్గా రంధ్రం మీదే ఉంది. ఒక్క క్షణం తప్పు నాది కాదనుకున్నాను. ఉస్తాద్ సన్నటి తీగ దూర్చాడు. అంగుళం పోయి ఆగింది. తీగ కొన వంచి లాగితే నల్లటి దారం వచ్చింది. నేను లాగిన ఏడు ముద్దల్లో ఒకటి తెగిన ముద్ద. మిగతా సగం లోపలే ఉండిపోయింది. ముద్దలు లెక్కపెట్టాను గానీ, పెట్టినంతా వచ్చిందా అని చూడలేదు.

ఉస్తాద్ తిట్టలేదు. "నువ్వే చెప్పు ఆయనకు," అన్నాడు.

గురువారం పొద్దున్నే అతను వచ్చాడు. దారం చూపించాను. తప్పు నాదేనన్నాను.

"మా మగ్గం కిందిదేనా?" అని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇడిసినా ఇడువది గిది."

"షాఫ్ట్ సాన పట్టించాలె అన్నా. కరీంనగర్ పంపుతం. నాలుగు రోజులల్ల అయితది. ఖర్చు మాదే."

"నాలుగు రోజులకు నడుస్తదా? ఖాయంగ చెప్పు. నేను టికెట్ వద్దంట."

బుధవారం కూడా నేను ఖాయంగానే చెప్పాను. ఉస్తాద్ వైపు చూశాను. ఆయన నా జవాబు కోసం చూస్తున్నాడు. అతను ఫోన్ తీసి, బయటికి నడుస్తూ ఏజెంటుకు చెప్పాడు: "వస్తున్న సార్."

సోమవారం ఇంజను మళ్లీ కూర్చోబెట్టాం. ఈసారి ఒక్కో రంధ్రంలో నూనె పోసి, అవతల కారేదాకా చూశాను. రోజంతా నడిపినా చప్పుడు రాలేదు.

మంగళవారం అతని భార్య బస్సు దిగి షెడ్డుకు వచ్చింది. ఇంజను స్టార్ట్ చేసి వినిపించాను. చాలాసేపు విన్నది.

"మంచిగనే ఉన్నది గదా," అన్నది. "ఇగ దీన్ని ఎవలు నడుపాలె?"