బెల్లం సాక

దోసెల పిండి ఒక పూట ఎక్కువ పులిస్తే వచ్చే వాసనను ఇప్పటికీ భరించలేను. పిండి పారబోసి, గిన్నె రెండుసార్లు తోమి, నా కొడుకును జోకొడుతున్న అమ్మ వైపు ఒకసారి తొంగిచూస్తాను.

ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో, నా చిన్నప్పుడు, అమ్మ దగ్గర ఇదే వాసన వచ్చేది. బాపు, మా నాన్న, బొంబాయి పనికి వెళ్లిన ఏడాది నా తమ్ముడు జ్వరంతో, దవాఖానకు పోయే బస్సులో, అమ్మ ఒళ్లోనే పోయాడు. తర్వాత ఆమెకు నిద్ర లేదు. నిద్ర కోసం మొదలుపెట్టిన మందుకల్లు, మత్తుమందు కలిపిన కల్లు, కొన్నాళ్లకు పొద్దున లేవగానే కావలసి వచ్చింది. దొరకని రోజు వణుకుతూ తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచేది. అవ్వ, అంటే బాపు తల్లి, బయటినుంచి గొళ్లెం పెట్టేది. నేను ఆ తలుపుకు వీపానించి జొన్నరొట్టె తినేదాన్ని.

పాలమూరులో నర్సు ఉద్యోగం చేసి రిటైరైన జులేఖాబీ అమ్మను తన ఇంటికి తీసుకుపోయింది. వరుసగా నాలుగు గదులు, వాకిట్లో సీతాఫలం చెట్టు. అమ్మలాంటి ఆడవాళ్లు అక్కడ వంతులవారీగా వండుకుంటూ, పగలు పల్లికాయ ఒలిచే పనికి పోయి, సాయంత్రం ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు. ఆ గదుల గొళ్లేలన్నీ లోపలివైపే ఉండేవి. సెలవులకు నేను వెళితే అమ్మ దగ్గరకు తీసుకునేది, నేను మెల్లగా వాసన చూసేదాన్ని: పల్లి పొట్టు, కొబ్బరినూనె, అంతే. పండుగలు కూడా తాగకుండా దాటితే నన్నూ అక్కడే ఉంచుకుని బడికి పంపుదామని జులేఖాబీ అన్నదట.

బోనాలకు అమ్మ ఊరికి వస్తుంటే, అమ్మవారి ముందు నేలమీద ధారపోసే సాకకు కల్లెందుకని జులేఖాబీ ఇంట్లో ఉండే ఒకామె నవ్వింది. "మనం తాగి చెడినం, అమ్మవారినెందుకు చెడగొట్టాలె?"

డప్పుల మోత, పసుపు, వేపాకు, బోనం కుండల్లో పొంగే బెల్లపన్నం వాసన. ఆ గుంపులో అవ్వ కల్లుముంతను అమ్మ చేతికిచ్చింది. అమ్మ దాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత కింద పెట్టి, నీళ్లలో బెల్లం పిసికి, వేపరెమ్మ వేసింది.

"కల్లు లేని సాక ఏం సాకనే?" అన్నది అవ్వ. "గా బీబీ నేర్పిందా? తల్లి అలుగుతది."

"అలగనియ్ అత్తా. నా కొడుకును తీస్కపాయె. ఇంకేం తీస్కపోతది?"

నేను ఆమె కొంగు పట్టుకునే ఉన్నాను.

బెల్లంనీళ్లు నేలలో ఇంకిపోయాయి. వారం తిరక్కుండా నన్ను పాలమూరు తీసుకుపోయారు. ఆ ఇంట్లో పెరిగిన ఏళ్లన్నీ, ఒళ్లు కొంచెం వెచ్చబడినా, అలిగిన అమ్మవారు నన్ను తీసుకుపోవడానికి వచ్చిందనే అనుకునేదాన్ని. అమ్మ నుదుటిమీద తడిగుడ్డ వేస్తుంటే కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ దుకాణాలు లేచాయి. జులేఖాబీ లేదు. నవ్విన ఆమె మళ్లీ కల్లు దుకాణం దారి పట్టిందని విన్నాం, తర్వాత ఏ కబురూ లేదు.

మొన్న నా కొడుకుకు ఒళ్లు కాలిపోయింది. డాక్టరు ఇచ్చిన మందు వేసి కూడా, డిగ్రీ చదివినదాన్ని, అమ్మవారి పటం ముందునుంచి కదల్లేకపోయాను. ఎందుకో నేను చెప్పలేదు. అమ్మ వాణ్ణి ఒళ్లో వేసుకుని నా వైపు తిరిగింది.

"గా దినం, ఇంకేం తీస్కపోతది అని నేనన్న మాట నీకింకా యాదున్నదా బిడ్డా?" అన్నది. "గప్పుడు నువ్వు నా కండ్లకు గానరాలే."

తెల్లారేసరికి జ్వరం దిగింది. పిల్లవాణ్ణి ఇటివ్వమని చేతులు చాచాను. అమ్మ ఇవ్వలేదు; తమ్ముడు పోయిన ఆ ఒళ్లోనే వాణ్ణి ఇంకా దగ్గరికి పొదువుకుంది.