ఇంగ్లండు కారూ, ఇటలీ కారూ, పటేలుగారి బిడ్డా

అరవైల చివర్లో పటాన్‌చెరులో మేం కిరాయికున్న ఇంటి ముందు రెండు కార్లు ఉండేవి. ఒకటి నాన్నది. యుద్ధం ముగిసిన కొత్తలో ఇంగ్లండులో తయారైంది. ఫ్యాక్టరీలో ఆఫీసరయ్యాక ఎవరో వాడింది కొన్నాడు. రెండోది ఇంటి ఓనరు పటేలుగారిది. ఇటలీది, మాదాని కంటే కొంచెం తర్వాతది. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లం, వాళ్లు తాతల కాలం నుంచీ అక్కడి రైతులు. రెండిళ్లకీ అన్నింట్లోనూ పొత్తు కుదిరింది గానీ, కార్ల మాటొస్తే మాత్రం ఆ మగవాళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ.

మా కారు పొంగిన పూరీలా గుండ్రంగా ఉండేది. మలుపు తిరిగేటప్పుడు తలుపు పక్కనుంచి దీపమున్న చిన్న చెయ్యి బయటికి లేవాలి. లేవకపోతే నాన్న లోపలినుంచి ఒక్క గుద్దు గుద్దేవాడు. పటేలుగారి కారుకు ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి, గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. పంచె సర్దుకుని దర్జాగా దిగొచ్చని ఆయన మురిపెం. నన్నడిగితే అందానికి మాది, హాయికి వాళ్లది. నన్నెవరూ అడగలేదు.

పటేలుగారి కూతురు నా స్నేహితురాలు. దానికి కారు నడపాలని ఒకటే పిచ్చి. మేనమామ ట్రాక్టరు మీద చెయ్యి తిరిగింది కానీ, రోడ్డెక్కడానికి వాళ్ల బాపు ఒప్పుకునేవాడు కాదు. వచ్చే మాఘంలో పెళ్లి. ఆలోపు నడపకపోతే ఇక ఈ జన్మకు లేదని ఏడ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక ఆదివారం వాదన ముదిరింది. "మీ బండి గేరు మొండిదండీ పటేలుగారూ," అన్నాడు నాన్న. ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. పశువుల అంగట్లో ఎద్దు సాధువని చూపడానికి వాళ్లలో పగ్గం ఆడపిల్ల చేతికిచ్చేవారు. ఆయన లెక్కలో కారు కూడా ఎద్దే.

"మొండిదా? ఏం మాట సారూ! మా బిడ్డ పట్టినా నడుస్తది, సూడుండ్రి! బిడ్డా, జెర ఇటు రా!"

అది లాక్కున్నట్టే తాళంచెవి అందుకుంది. మమ్మల్నందరినీ ఎక్కించుకుని రుద్రారం దాకా వెళ్లి వచ్చింది. ఒక్క కుదుపు లేదు. నాన్న ఊరుకుంటాడా? "మాది ఇంకా సుళువమ్మా, ఇదీ చూడు," అన్నాడు. అదీ నడిపింది. లేవని చెయ్యిని నాన్న కంటే ఒడుపుగా గుద్దింది.

తిరిగొచ్చాక పెద్దమనుషులిద్దరూ అరుగు మీద కూర్చుని మళ్లీ మొదలుపెట్టారు. ఏ గేరు మెత్తగా పడింది, ఏ ఇంజను తక్కువ అరిచింది! నడిపిన పిల్ల ఊసే లేదు. పైగా, ఇక తాళం ఇచ్చెయ్యమని పటేలుగారు చెయ్యి చాపారు. నాకు కోపం తన్నుకొచ్చింది.

అంతలో నా స్నేహితురాలి అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఏనాడూ వెనక సీటు తప్ప ఎరగని మనిషి, ఎవరినీ అడగకుండా ఇటలీ కారు ముందు తలుపు తీసి కూర్చుంది.

"మా అక్కను సూసొద్దాం, సంగారెడ్డి పోదాం రా బిడ్డా," అంది. మొగుడి వైపు తిరిగి, "తాళంచెవి ఇగ దాని తాననే ఉండనియ్యి. నువ్వు సారుతోని మాట్లాడుకుంట కూసో," అంది.

కారు కదిలింది. పటేలుగారు చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.